ఆరువందల మీదున్న నాబు

మేనమామ నడిపే వర్క్‌షాపులో పదకొండేళ్ళుగా పనిచేస్తున్న ఆవిడను అందరూ అమ్మడనే పిలిచేవారు. ముప్పై నాలుగేళ్ళు వచ్చినా ఆ పేరు ఆమెను వదల్లేదు. ఆసుపత్రుల నుంచీ, టెలిఫోను వాళ్ళ దగ్గర నుంచీ వచ్చే పరికరాలను బాగుచేసి, వాటిలోంచి సిగ్నల్ ఎంత పవరుతో వస్తోందో, ఎంత వోల్టేజీ ఉందో కొలిచి, సరిగ్గా ఉందని స్టిక్కరు అంటించి సంతకం పెట్టడం ఆమె పని.

"మనం రిపేరు చేసేవాళ్ళం కాదే అమ్మడూ, సాక్ష్యం చెప్పేవాళ్ళం" అనేవాడు మావయ్య. "రిపేరుదేముంది, ఎవడైనా చేస్తాడు. సంతకం పెట్టేటప్పుడే చెయ్యి వణకాలి."

ఆమె చెయ్యి ఎప్పుడూ వణకలేదు. ఆ గురువారం ఉదయం దాకా.

నెలకోసారి మీటరునే తనిఖీ చేసే రోజది. అగ్గిపెట్టెకు అన్నయ్యలా ఉండే ఒక చిన్న డబ్బా ఉండేది వాళ్ళ దగ్గర. యాభై ఓముల మీద సరిగ్గా ఒక్క మిల్లీవాటు పవరు ఇస్తుంది, అంతకు మించి దానికి వేరే పని లేదు. దాన్ని తగిలిస్తే, ఒక్క మిల్లీవాటునే సున్నాగా పెట్టుకుని డెసిబెల్స్‌లో కొలిచే మీటరు సున్నా చూపాలి. పదింటికి ఆమె తగిలించింది. మీటరు మైనస్ పది పాయింటు ఎనిమిది చూపించింది.

డబ్బాలో బ్యాటరీ అయిపోయిందేమో అనుకుని మార్చింది. అదే అంకె. వైరు మార్చింది. అదే అంకె. విసుక్కుంటూ మీటరును తనవైపు తిప్పుకుంది. అప్పుడు కనబడింది, పక్కనున్న నాబు. యాభై మీద ఉండవలసింది ఆరువందల మీద ఉంది.

మీటరుకు నిజంగా తెలిసేది వోల్టేజీ ఒక్కటే. పవరు ఎంతన్నది అది లెక్కగట్టి చెబుతుంది. ఎన్ని ఓముల మీద లెక్కగట్టాలో పనిచేసేవాళ్ళే నాబు తిప్పి దానికి చెప్పాలి. తప్పు చెబితే తప్పు లెక్కే కడుతుంది, ఏ మాత్రం మొహమాటం లేకుండా.

టెలిఫోను పనులకు ఆరువందలు పెడతారు. నిన్న పొద్దున మావయ్య టెలిఫోను పెట్టె ఒకటి చూశాడు. నిన్న మధ్యాహ్నం తను చూసింది చెవి పరీక్ష చేసే యంత్రం. దానితో వచ్చిన కొలతల కాగితం యాభై ఓముల లెక్కలో ఉంటుంది.

అమ్మడు నిన్నటి పనంతా ఒక్కొక్కటిగా గుర్తు చేసుకుంది.

నిన్న ఆ యంత్రంలో పాడైన చిప్పు తీసి కొత్తది వేసింది. తర్వాత స్క్రూ తిప్పుతూ మీటరు సున్నా చూపేదాకా సిగ్నల్ పెంచింది. మామూలుగా పావు చుట్టు తిప్పితే చాలు. నిన్న దాదాపు మూడు చుట్లు తిప్పింది. కొత్త చిప్పు కాస్త బద్ధకంగా ఉందనుకుంది. స్క్రూ చివరికి వెళ్తుంటే వేలికి బిగువు తగిలింది కూడా. ఆ బిగువు ఇప్పుడు మళ్ళీ వేలికి తగిలినట్టయింది.

పాత బిల్లు వెనక లెక్క వేసింది. యాభై మీద సున్నా అంటే సున్నా పాయింటు రెండు రెండు నాలుగు వోల్టులు. ఆరువందల మీద సున్నా అంటే సున్నా పాయింటు ఏడు ఏడు అయిదు. మూడున్నర రెట్లు వోల్టేజీ. పవరులో పన్నెండింతలు. పదకొండు డెసిబెల్స్ అదనం. మనుషుల చెవులకు తగిలించే హెడ్‌ఫోన్లలోకి.

మూడుసార్లు లెక్క వేసింది. ఎక్కడో తప్పు చేసి ఉంటానని ఆశ. లెక్కలో మాత్రం తప్పు దొరకలేదు.

ముందు గదిలో మావయ్య ఏదో కూనిరాగం తీస్తున్నాడు. ఇంతవరకూ ఈ సంగతి తనకూ, మీటరుకూ తప్ప ఎవరికీ తెలియదు. నాబు తిప్పేస్తే మీటరు కూడా మర్చిపోతుంది. "ఇంకోసారి చూడాల్సిన పని మిగిలిపోయింది" అని క్లినిక్‌కి వెళ్ళి, యంత్రం తెచ్చుకుని, సరిచేసి ఇచ్చేయొచ్చు. ఆ ఆలోచన వచ్చినందుకు ఆమెకు ఇంకాస్త భయం వేసింది. ఈపాటికి ఎంతమంది చెవులకు పెట్టి ఉంటారు? కూర్చున్న స్టూలు వెనక్కి పడిపోయేలా లేచింది.

"మావయ్యా, నిన్న నువ్వు ఇచ్చొచ్చిన చెవి మిషను..."

ఆమె మొహం చూసి అతని రాగం ఆగిపోయింది. విన్నాడు. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఆ నాబు తిప్పింది నేనేనే. తిరిగి యాభైకి పెట్టకుండా లేచిపోయా."

"చూసుకోవాల్సింది నేను. సంతకం నాది."

"సరే, ఎవరి పాపం ఎంతో సాయంత్రం తేల్చుకుందాం. ముందు పరుగెత్తు. నేను ఫోను కొడుతూ ఉంటా."

క్లినిక్ ఫోను మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు. ఎత్తరు. చెవి పరీక్ష చేసే గదిలో చీమ చిటుక్కుమనకూడదు, ఫోన్లన్నీ బయట బల్ల సొరుగులో పడేస్తారు. అమ్మడు మీటరును సంచిలో పెట్టుకుని స్కూటరు తీసింది. దారిలో ఎర్ర లైటు దగ్గర ఆగినప్పుడు వెనకనున్న లారీ హారన్ కొట్టింది. తన చెవిలోనే కొట్టినట్టు ఉలిక్కిపడింది. పదకొండు డెసిబెల్స్. ఆ యంత్రం ఎంత పెద్ద శబ్దం దాకా వెళ్తుందో ఆమెకు తెలుసు. దాని మీద ఇంకో పదకొండు ఊహించబోయి, వద్దని ఆపేసింది.

క్లినిక్ మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు కోసం ఆగలేక మెట్లెక్కింది. బయట బెంచీ మీద ఇద్దరు ఎదురుచూస్తున్నారు. మందపాటి తలుపుపైన ఎర్ర దీపం వెలుగుతోంది, లోపల పరీక్ష జరుగుతోందని గుర్తు. ఆ దీపం వెలిగితే ఎవరూ లోపలికి వెళ్ళకూడదు. అమ్మడు తలుపు తోసేసింది.

చెవులు పరీక్షించే మేడమ్ వెనక్కి తిరిగి, నోటితో కాక కళ్ళతోనే కేకేసింది. అద్దం వెనక ఒక ముసలావిడ హెడ్‌ఫోన్లు పెట్టుకుని, బుద్ధిగా కళ్ళు మూసుకుని కూర్చుంది.

"తీసెయ్యండి! అవి తీసెయ్యండి మేడమ్!"

"ఏమ్మా, మతి పోయిందా మీకు?"

"మిషను తప్పు. నేను తప్పు పెట్టాను. మీరు చూసే అంకె కంటే పదకొండు ఎక్కువ వస్తోంది."

మేడమ్ అద్దం వెనక్కి వెళ్ళి, ముసలావిడ తల మీంచి హెడ్‌ఫోన్లు మెల్లగా, కాలే గిన్నె దించినట్టు దించింది.

బయటికి వచ్చాక మేడమ్ అంది: "అందుకేనన్నమాట. మిల్లులో పనిచేసే పెద్దాయన పొద్దున్నే వచ్చాడు. పెద్ద శబ్దం దగ్గర 'అమ్మో' అని పీకి అవతల పారేశాడు. ఇంత సుకుమారమేంటని నేను నవ్వాను కూడా. నవ్వానమ్మా!"

"ఇంకా ఎంతమంది?"

రిజిస్టరు తీశారు. లోపలున్న ముసలావిడ కాక పొద్దుట నుంచీ నలుగురు. మిల్లు పెద్దాయన. ఇద్దరు కాలేజీ పిల్లలు, ఉద్యోగానికి కాగితం కోసం వచ్చినవాళ్ళు. నాలుగో పేరు దగ్గర మేడమ్ వేలు ఆగింది.

"ఈ పాప..." అంది.

"ఏమైంది పాపకి? గట్టి శబ్దం పెట్టారా?"

"లేదు, పెట్టలేదు. అవసరమే రాలేదు. నాలుగేళ్ళ పిల్ల. పిలిస్తే పలకదు, మాటలు సరిగ్గా రాలేదని తీసుకొచ్చారు. ముప్పై డెసిబెల్స్ దగ్గర వినబడిందని చెయ్యెత్తింది. చిన్నపిల్ల, కొత్త చోటు, ముప్పై అంటే పరవాలేదని... చెవులు బాగానే ఉన్నాయని చెప్పి పంపించేశాను."

ముప్పై కాదు. నలభై ఒకటి.

అమ్మడుకు అంతవరకూ ఉన్న భయం ఒకటి, ఇప్పుడు మొదలైంది మరొకటి. ఎక్కువ పవరు వల్ల చెవులు దెబ్బతింటాయనే దారంతా వణికింది. వినబడని పిల్లకు వినబడుతుందని యంత్రం చెప్పిందన్న సంగతి ఆమెకు తట్టనే లేదు. నలభై అంటే పక్కన కూర్చుని మాట్లాడితే వినీ వినబడనట్టు ఉంటుంది. అటు తిరిగి మాట్లాడితే సగం పోతుంది. గదిలో ఇంకో చప్పుడుంటే మొత్తం పోతుంది.

"వాళ్ళమ్మ ఏమంది?"

మేడమ్ తల దించుకుంది. "నవ్వుతూ ఏడ్చేసింది. తర్వాత పాప చెయ్యి పట్టుకుని, 'అంటే ఏడాది నుంచి కావాలనే పలకట్లేదన్నమాట, పద ఇంటికి, నీ మొండితనం ఇవాళ వదిలిస్తా' అంది. ముద్దుగానే అందిలెండి." ఒక క్షణం ఆగి, "ముద్దుగానే అందనుకుంటా" అంది.

రిజిస్టరులో ఉన్న నంబరుకు చేస్తే స్విచ్ ఆఫ్. పక్కన చిరునామా ఉంది. మిగతా వాళ్ళకు తాను ఫోను చేస్తానంది మేడమ్. అమ్మడు యంత్రం ప్లగ్గు పీకి, వైరు చుట్టి దాని మీద పెట్టి, మెట్లు దిగింది. మావయ్యకు ఫోనులో ఒక్క ముక్క చెప్పింది: "మిషను తెచ్చుకో. నేను ఇంకో చోటికి వెళ్తున్నా."

ఇల్లు స్టేషనరీ దుకాణం మీద, రెండో అంతస్తులో. ఇరుకు మెట్లు. గోడ మీద బాణం గుర్తు వేసి "బట్టలు కుట్టబడును" అని రాసి ఉంది. ఏమని చెప్పాలో మెట్టుకో మాట కూడబలుక్కుంటూ ఎక్కుతోంది. సగంలో ఉండగానే పైనుంచి తలుపు బాదుతున్న చప్పుడు వినబడింది. దానితోపాటు ఒక ఆడగొంతు.

"తియ్యవే! తీస్తావా లేదా? వినబడుతుందని చెప్పిందిగా డాక్టరమ్మ! ఇంకా ఏం నాటకాలే నీకు?"

వాకిలి తెరిచే ఉంది. కుట్టు మిషను, నేల నిండా గుడ్డ ముక్కలు. ఆ మూల బాత్రూము తలుపు ముందు ఒక సన్నటి మనిషి నిలబడి రెండు చేతులా బాదుతోంది. తలుపు కింద నుంచి నీళ్ళు బయటికి వస్తున్నాయి. లోపల కుళాయి హోరు.

"ఎవరండీ మీరు?" అంది కుట్టుపనామె తిరిగి చూసి. కళ్ళల్లో కోపం ఉంది కానీ అది పైపైనే, దాని కింద ఇంకేదో ఉంది.

"పాప లోపలుందా?"

"రెండు దెబ్బలేశాను. పోయి గడియ పెట్టుకుంది. పావుగంట అయింది. కుళాయి తిప్పేసింది, కట్టెయ్యమంటే కట్టదు, గడియ తియ్యమంటే తియ్యదు. తొట్టి నిండిపోయి పొర్లుతోంది. మొదట ఏడుపు వినబడింది. ఇప్పుడు అదీ లేదు."

అమ్మడు తలుపు కింద పొర్లే నీళ్ళు చూసింది. "తొట్టి ఎంత లోతు?"

"దాని నడుము దాకా ఉంటుంది..."

ఇద్దరూ కలిసి తలుపును భుజాలతో తోశారు. పాతదైనా గట్టి తలుపు, ఊగింది కానీ ఊడలేదు. కుట్టుపనామె మళ్ళీ కేకెయ్యబోయింది.

"అరవకండి. ఆ పిల్లకి వినబడదు."

"వినబడుతుందనే చెప్పారు! ఇవాళే, పొద్దున్నే..."

"తప్పు చెప్పారు. ఆ మిషను తప్పు. దాన్ని సరిచేసి పంపింది నేనే, తప్పుగా పంపాను. మీ పాప మొండిది కాదమ్మా. కుళాయి చప్పుడులో, తలుపు ఇవతల నుంచి మీరెంత అరిచినా దానికి ఒక్క మాట కూడా అందదు."

కూడబలుక్కున్న మాటలన్నీ ఎటో పోయాయి. మిగిలినవి ఇవే. కుట్టుపనామె ఆమె వైపు అర్థం కానట్టు చూసింది. తర్వాత అర్థమైనట్టు చూసింది. ఆ చూపును తట్టుకోవడం కంటే ఏ పనైనా సులువే అనిపించి, అమ్మడు గోడ మీద వెతికింది. బాత్రూము లైటు స్విచ్ బయటే ఉంది. ఆపింది, వేసింది. ఆపింది, వేసింది. మళ్ళీ ఆపి, వేసి, తడి నేల మీద చెవి ఆనించి పడుకుంది.

నీళ్ళకు నాని తలుపు అడుగుభాగం చివికిపోయింది. నాలుగు వేళ్ళు దూరేంత సందు. అందులోంచి ముందు నీళ్ళే కనబడ్డాయి, నీళ్ళలో తేలుతున్న ఒక గుడ్డ పీలిక. కాళ్ళు కనబడలేదు.

"వెయ్యండి, లైటు ఆపి వేస్తూ ఉండండి!"

కుట్టుపనామె స్విచ్ మీద వేలు పెట్టి టకటకలాడించింది. లోపల వెలుగూ చీకటీ మారుతున్నాయి. అప్పుడు అవతలి గోడ దగ్గర, తిరగేసిన బక్కెట్టు మీద ముడుచుకున్న రెండు చిన్న పాదాలు కదిలాయి. నీళ్ళంటే భయపడి ఎక్కి కూర్చున్నట్టుంది.

"ఉంది! బక్కెట్టు మీద కూర్చుంది. బాగానే ఉంది!"

తల్లి అక్కడే కూలబడి, ఆ నీళ్ళలోనే బోర్లా పడుకుని సందులోంచి చెయ్యి లోపలికి పెట్టింది. వేళ్ళు ఆడించింది. పిల్ల చూడలేదు, చూపంతా పైన దీపం మీదే ఉంది. కుట్టుపనామె మెడలో కొలత టేపు వేలాడుతోంది. అమ్మడు దాన్ని లాగి, మడత విప్పి, సందులోంచి లోపలికి తోసింది. పసుపు టేపు నీళ్ళ మీద పాములా పాక్కుంటూ బక్కెట్టు దాకా వెళ్ళింది. పిల్ల కిందికి చూసింది. దాని కొస పట్టుకుని లాగింది. ఇవతల నుంచి తల్లి లాగింది. పిల్ల దిగింది. చీలమండల లోతు నీళ్ళలో తపతపా నడుచుకుంటూ టేపు వెంట తలుపు దగ్గరికి వచ్చి, వంగి, సందులోంచి చూసింది.

తల్లీ కూతుళ్ళ కళ్ళు నేల మట్టాన కలుసుకున్నాయి.

కుట్టుపనామె ఈసారి అరవలేదు. పెదవులు బాగా కదిలేలా "గడియ" అంది. రెండు వేళ్ళతో లాగినట్టు చూపించింది. మళ్ళీ చూపించింది. పిల్ల లేచి నిలబడింది. గడియ తుప్పు పట్టిన చప్పుడు చేసింది, ఆగింది. తర్వాత టక్కుమంది.

కుట్టుపనామె పిల్లను వొళ్ళోకి లాక్కుంది. పిల్ల చెంప మీద వేళ్ళ గుర్తులు ఇంకా ఎర్రగా ఉన్నాయి. వాటి మీద తన చెంప ఆనించుకుంది. అమ్మడు లోపలికి వెళ్ళి కుళాయి కట్టేసింది. హోరు ఆగిపోయాక గది మరీ నిశ్శబ్దమైపోయింది.

"ఎంత తప్పు?" అంది కుట్టుపనామె, తలెత్తకుండానే.

"పదకొండు. ముప్పై అని చూపింది. నిజానికి నలభై పైన ఉండాలి."

"నాకు అంకెలొద్దు. ఇది వింటుందా, వినదా?"

"కొంచెం వింటుంది. కొంచెం వినదు. మళ్ళీ పరీక్ష చెయ్యాలి."

"మళ్ళీ మీ మిషనుతోనేనా?"

అమ్మడు, "మీరు రండి. మీ ఎదురుగానే కొలుస్తాను. మీకు నమ్మకం కుదరకపోతే వేరే ఊరికి తీసుకెళ్తాను, నా బండి మీద" అంది. తిడుతుందనుకుంది. చెయ్యి చేసుకున్నా నిలబడాలనుకుంది. కుట్టుపనామె తడిసిన టేపును చుట్ట చుట్టుకుంటూ, "రేపు వస్తాం. ఇప్పుడు మీరు వెళ్ళండి" అంది.

మర్నాడు వర్క్‌షాపులో యంత్రాన్ని మావయ్య ఒకసారి కొలిచాడు, అమ్మడు ఒకసారి కొలిచింది, క్లినిక్ మేడమ్ పక్కన నిలబడి చూసింది. కుట్టుపనామె పిల్లను చంకనేసుకుని అన్నిటినీ ఒక్కటీ వదలకుండా పరికించింది. "ఈ నాబు దేనికి?" అని అడిగింది. అమ్మడు చెప్పింది. ఆరువందల మీద పెట్టి చూపించింది, యాభై మీద పెట్టి చూపించింది. అంకె మారింది. "ఇంతేనా? ఇంత చిన్న తిప్పుడా?" అంది కుట్టుపనామె.

తర్వాత క్లినిక్‌లో పాపకు మళ్ళీ చేసిన పరీక్షలో కుడి చెవి నలభై, ఎడమ చెవి నలభై మూడు వచ్చింది.

మిల్లు పెద్దాయన చెవిలో రెండు రోజులు ఈగ ముసిరినట్టు మోగింది. అమ్మడు పూటకోసారి ఫోను చేసి కనుక్కుంది. మూడోనాడు ఆయన, "ఈగ పోయిందమ్మా. ఇప్పుడు నా చెవుల కంటే మీ ఫోనే ఎక్కువ మోగుతోంది" అన్నాడు. ఆమె నవ్వింది. నవ్వాక కళ్ళు తుడుచుకుంది. కాలేజీ పిల్లలిద్దరికీ, ముసలావిడకూ మళ్ళీ పరీక్ష చేశారు, వాళ్ళకేమీ కాలేదు. జరిగిందంతా మావయ్య కాగితం మీద రాసి క్లినిక్‌కి ఇచ్చాడు. కింద ఇద్దరూ సంతకాలు పెట్టారు. ఆ క్లినిక్ నుంచి ఆరునెలలు పని రాలేదు. రాలేదని వాళ్ళు ఆశ్చర్యపోనూ లేదు.

అయిదు వారాల తర్వాత పాపకు వినికిడి మిషన్లు అమర్చే రోజున కుట్టుపనామె అమ్మడును రమ్మని కబురు పెట్టింది. ఎందుకో చెప్పలేదు. అమ్మడు భయపడుతూనే వెళ్ళింది.

మేడమ్ పిల్ల చెవుల వెనక రెండు చిన్న మిషన్లు పెట్టి, మీట నొక్కింది. పిల్ల కదలకుండా కూర్చుంది. కుట్టుపనామె అమ్మడు వైపు తిరిగి, మెల్లగా అంది: "మీ మీద కోపం పోలేదండీ. కానీ ఆ దెబ్బలేసింది మీరు కాదు. ఏడాదంతా మొండిదన్నదీ మీరు కాదు. ఆ సంగతి మీకు చెప్పాలనిపించింది."

అమ్మడు కూర్చుందామని కుర్చీని దగ్గరికి లాక్కుంది. కుర్చీ కాళ్ళు గచ్చు మీద కర్రుమన్నాయి. పిల్ల అదిరిపడి, ఏడుపు మొహంతో తల్లి పొట్టలో తల దాచుకుంది.

"కుర్చీయే తల్లీ, కుర్చీ" అంది కుట్టుపనామె, గొంతు తగ్గించి. "ఇదిగో చూడు. కుర్చీ."